ఆరల్ అడుగు నేలలో ఒక బ్లాకు: విత్తనం ఎందుకు మొలవలేదు, తర్వాత ఏం చేశాం

ఉజ్బెకిస్తాన్‌లోని కరకల్పక్‌స్తాన్‌లో, ఒకప్పుడు ఆరల్ సముద్రం ఉండి ఇప్పుడు ఎండిపోయిన నేల మీద చెట్లు నిలబెట్టే పనిలో మాకు ఎదురైన ఒక కేసు ఇది. ఊరి పేరు, బ్లాకు పేరు, పని అప్పగించిన సంస్థ పేరు తీసేశాను, ఏ ఏడాదో కూడా చెప్పడం లేదు, ఎందుకంటే ఆ చుట్టుపక్కల పనిచేసేవాళ్ళు ఆ కాస్త వివరంతోనే గుర్తుపట్టేస్తారు. నేల ఎలా ఉంది, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం, ఏమైంది అన్నవి మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశాను. చౌడు నేలల మీద పనిచేసే మనవాళ్ళకి, ముఖ్యంగా "ఇన్ని ఎకరాలు, ఇన్ని మొక్కలు" అని టార్గెట్ చేతికిచ్చి పంపితే టెన్షన్ పడేవాళ్ళకి, ఇది పనికొస్తుందని నా నమ్మకం.

నేపథ్యం

1960 నాటికి ఆరల్ విస్తీర్ణం సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు, ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. దక్షిణం నుంచి అము దర్యా, తూర్పు నుంచి సిర్ దర్యా వచ్చి కలిసేవి. లీటరు నీటిలో ఉప్పు దాదాపు 10 గ్రాములే ఉండేది, మామూలు సముద్రపు నీటిలో 35 ఉంటుంది. సోవియట్ కాలంలో పత్తికీ వరికీ ఆ రెండు నదుల నీళ్ళూ కాలువలకు మళ్ళించేశారు. 1980ల చివరికి సరస్సు ఉత్తర ముక్క, దక్షిణ ముక్కగా విడిపోయింది. కజకిస్తాన్ వాళ్ళు 2005లో కోక్-ఆరల్ ఆనకట్ట కట్టి ఉత్తర ముక్కను నిలబెట్టుకున్నారు, అక్కడికి చేపలు కూడా తిరిగొచ్చాయి. దక్షిణ ముక్క మాత్రం ఎండుతూనే పోయింది, 2014లో దాని తూర్పు భాగం పూర్తిగా ఖాళీ అయింది. ఒకప్పటి రేవు పట్టణం మొయ్నాక్ నుంచి ఇప్పుడు నీళ్ళు చూడాలంటే వంద కిలోమీటర్లకు పైగా వెళ్ళాలి. బయటపడ్డ అడుగు నేల మొత్తం కలిపి 60,000 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది, అంటే తెలంగాణలో సగానికి పైనే. దాన్ని ఆరల్‌కుం అంటున్నారు.

నీళ్ళు తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఉప్పు చిక్కబడింది. దక్షిణ ముక్కలో అది లీటరుకి 100 గ్రాములు దాటిపోయింది. అంటే 1960ల్లో బయటపడ్డ నేల మీంచి పోయిన నీళ్ళూ, 1990ల్లో బయటపడ్డ నేల మీంచి పోయిన నీళ్ళూ ఒకటి కావు, మొదటివి కొంచెం ఉప్పన, రెండోవి చిక్కటి ఉప్పునీళ్ళు. పైగా ఏ సరస్సులోనైనా ఒడ్డు దగ్గర ఇసుక, లోతుకి పోయేకొద్దీ మెత్తటి బంకమట్టి పేరుకుంటాయి. కాబట్టి ముందు బయటపడింది ఎక్కువగా ఇసుక, తర్వాత బయటపడింది ఎక్కువగా ఉప్పు నానిన బంక. ఈ కేసంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

అంత పెద్ద నీటి మడుగు పోయాక ఆ ప్రాంతంలో వేసవి ఇంకా వేడెక్కింది, చలికాలం ఇంకా చల్లబడింది, పంట కాలం కుదించుకుపోయింది. దానికి తోడు మధ్య ఆసియా ప్రపంచ సగటు కంటే వేగంగా వేడెక్కుతోంది, నదుల మూలమైన పామీర్, తియాన్ షాన్ హిమనదాలు వెనక్కి తగ్గుతున్నాయి. ఏడాదికి వాన, మంచు అన్నీ కలిపి 100 మిల్లీమీటర్లు దాటితే గొప్ప. మన అనంతపురంలో 550 పడితేనే కరువు ప్రాంతం అంటాం. అడుగు నేల మీద గాలి లేచిందంటే ఉప్పూ ధూళీ కలిసి ఊళ్ళ మీద పడతాయి, వాటితో పాటు పత్తి పొలాల నుంచి దశాబ్దాల పాటు కొట్టుకొచ్చిన పురుగుమందుల అవశేషాలు కూడా. 2018 మే చివర్లో వచ్చిన ఉప్పు తుఫాను కరకల్పక్‌స్తాన్‌నీ, దాని పక్కనున్న ఖోరెజ్మ్ ప్రాంతాన్నీ తెల్లగా కప్పేసింది. ఆ ఏడాది డిసెంబరు నుంచే ఉజ్బెకిస్తాన్ ప్రభుత్వం చాలా పెద్ద ఎత్తున సాక్సౌల్ విత్తడం మొదలుపెట్టింది, ట్రాక్టర్లతో, మనుషులతో, అన్-2 చిన్న విమానాలతో, లక్షల హెక్టార్లలో. సాక్సౌల్ అంటే ఆకుల్లేని ఎడారి చెట్టు. పచ్చటి పుల్లలే ఆకుల పని చేస్తాయి, వేరు పది మీటర్ల లోతుకి కూడా పోతుంది, ఇసుకని పట్టి ఉంచడంలో దానికి సాటి వచ్చే మొక్క అక్కడ ఇంకోటి లేదు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

పాత ఒడ్డు నుంచి లోపలికి కొన్ని కిలోమీటర్ల పొడవున్న బ్లాకు అది. అడుగు వాలు కాస్త ఎక్కువగా ఉన్న చోటు కాబట్టి ఆ కొద్ది కిలోమీటర్లలోనే రెండు మూడు దశాబ్దాల తేడా ఉంది. మొయ్నాక్ ముందున్న చదును నేలలో అయితే ఇదే తేడా పదుల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. ఆ బ్లాకులో వరసగా రెండు చలికాలాలు విమానంతో సాక్సౌల్ విత్తారు. పాత ఒడ్డు వైపు అంచున కొన్ని మొక్కలు తప్ప ఏమీ రాలేదు. మమ్మల్ని అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: మూడోసారి విత్తడానికి మంచి విత్తనం ఎక్కడ దొరుకుతుంది?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆగడమే ఈ కేసులో మొదటి నిర్ణయం. కారణం ఆ అంచున కనిపించిన నాలుగు మొక్కలే. అదే విమానం, అదే మూట, అదే రోజు చల్లిన విత్తనం ఒక చోట మొలిచి, అక్కడికి కిలోమీటరు లోపలికి అసలు మొలవలేదంటే విత్తనాన్ని ఒక్కదాన్నే పట్టుకుని వేలాడి లాభం లేదు. అలాగని విత్తనాన్ని పూర్తిగా వదిలేయడానికీ లేదు, ఎందుకంటే సాక్సౌల్ విత్తనం అక్టోబరు, నవంబరుల్లో పండుతుంది, కొన్ని నెలల్లోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. కిందటేడు మిగిలిన మూటని ఈ ఏడు మూటలో కలిపి చల్లితే తూకం సరిపోతుంది, మొలక రాదు.

పరీక్ష చాలా తేలిక. రెక్కలు నలిపి తీసేసిన విత్తనాన్ని తడిగుడ్డ మీద వేసి చల్లటి గదిలో ఉంచితే చాలు. సాక్సౌల్ విత్తనం లోపల పిండం పచ్చగా, గడియారం స్ప్రింగులా చుట్ట చుట్టుకుని ఉంటుంది. బతికున్నదైతే తడి తగిలిన కొన్ని గంటల్లోనే ఆ చుట్ట విప్పుకుని గుడ్డ మీద చిన్న పచ్చ దారంలా సాగుతుంది. చచ్చినది నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది గానీ విప్పుకోదు, రంగు గోధుమకి తిరుగుతుంది. గోదాములో ఉన్న మూటల్లో కొన్ని పచ్చగా విప్పుకున్నాయి, కొన్ని విప్పుకోలేదు. అంటే పాత విత్తనం కలిసిన మాట నిజమే, కానీ మంచి మూటలూ ఉన్నాయి, అవీ అదే బ్లాకులో పడ్డాయి. ఇక నేల వైపు తిరిగాం.

నేలకి వయసు కట్టడం

మామూలు పద్ధతి అయితే బ్లాకంతా గళ్ళు గీసి ప్రతి గడిలో మట్టి తీసి ల్యాబుకి పంపడం. మా దగ్గర అంత డబ్బు లేదు. ఉన్నా నేను అలా చేసేవాణ్ణి కాదేమో, ఎందుకంటే పై పొరలో ఉప్పు వారం వారం మారుతుంది. మంచు కరిగిన వారం తీసిన మట్టికీ, మే నెలలో తీసిన మట్టికీ పోలికే ఉండదు. మాకు కావలసింది మారని కొలత. ఆ నేల మీంచి నీళ్ళు ఏ ఏడాది పోయాయి అన్నది మారదు కదా. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఫొటోలు 1972 నుంచి ఉన్నాయి, 2008 తర్వాత ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. ప్రతి వేసవిలో ఒడ్డు ఎక్కడుందో గీసుకుంటూ పోతే బ్లాకు మీద వయసు గీతలు పడతాయి.

ఊళ్ళో ఒక పెద్దాయన, ఒకప్పుడు చేపలు పట్టిన మనిషి, ఇప్పుడు ఒంటెలు మేపుతున్నారు, ఆయన్ని వెంట రమ్మని బతిమాలాం. "అగా, నీళ్ళు ఇక్కడి నుంచి ఎప్పుడు పోయాయి?" అని దుబాసీ ద్వారా అడిగితే ఆయన సంవత్సరం చెప్పలేదు. "మా పెద్దవాణ్ణి బడిలో వేసిన వేసవి, తమ్ముడూ. పడవ ఇక్కడే బురదలో ఆగిపోయింది, మేం నలుగురం నెట్టాం" అన్నారు. కొడుకు పుట్టిన ఏడాది బట్టి లెక్క కడితే ఉపగ్రహం గీతకి ఒక్క ఏడాది తేడాలో కూర్చుంది. 1972కి ముందు సంగతి ల్యాండ్‌శాట్ ఫొటోల నుంచి తెలియదు కాబట్టి పాత ఒడ్డు దగ్గర ఆయన చెప్పినదే మాకు ఆధారం.

వయసు గీతల మీద గుంటలు తవ్వుకుంటూ వెళ్తే మూడు రకాల నేల కనిపించింది. పాత ఒడ్డు వైపు గుల్లల ఇసుక: తెల్లటి గుల్లలు నేలంతా పరుచుకుని, వాటి కింద వదులు ఇసుక, భూగర్భ జలం బాగా కిందికి దిగిపోయింది, పై ఉప్పును ఇన్నేళ్ళ మంచూ వానా కాస్త కాస్తగా కిందికి కడిగేశాయి. మధ్యలో ఉబ్బు నేల: చూడటానికి గట్టిగా ఉంటుంది, కాలు పెడితే చీలమండ దాకా మెత్తగా దిగిపోతుంది, బూటు తీసి దులిపితే పిండిలా రాలుతుంది. లోపలి వైపు పెచ్చు నేల: పైన గట్టి ఉప్పు పెచ్చు, కింద తడి బంక, గుంట తవ్విన కాసేపటికే అడుగున ఉప్పునీళ్ళు ఊరడం మొదలైంది. మన దగ్గర పాలచౌడు అంటామే, అదే జాతి. కానీ ఆ తీవ్రత మన పొలాల్లో నేనెప్పుడూ చూడలేదు.

ఉబ్బు నేల ఎందుకు ఉబ్బుతుందో తెలిస్తేనే తర్వాతి నిర్ణయాలు అర్థమవుతాయి. అక్కడ ఉప్పులో సోడియం సల్ఫేట్ ఎక్కువ. అది చలిలో, తేమలో ఒక్కోదానికి పది నీటి అణువుల చొప్పున పట్టుకుని పెద్ద స్ఫటికాలుగా పెరుగుతుంది, పెరుగుతూ మట్టి రేణువులను పక్కకి నెడుతుంది. సుమారు 32 డిగ్రీలు దాటేసరికి ఆ నీటినంతా వదిలేసి మెత్తటి పొడి అవుతుంది. ఏటా ఇదే జరిగితే పై నాలుగు వేళ్ళ మట్టికి పట్టు అనేది మిగలదు, చిన్న గాలికే లేచిపోతుంది. ఊరి మీద పడుతున్న ధూళిలో ఎక్కువ భాగం ఈ మధ్య పట్టీ నుంచే వస్తోందని మాకు అనిపించింది. పెచ్చు నేల చూడటానికి భయంకరంగా ఉన్నా, ఆ పెచ్చు పగలనంత కాలం దాని నుంచి లేచే ధూళి చాలా తక్కువ.

వయసొక్కటే నమ్ముకుంటే చాలదని కూడా అక్కడే తెలిసింది. గుల్లల ఇసుక మధ్యలో ఒక పల్లం ఉంది, పాత రోజుల్లో నీళ్ళు విడిగా నిలిచిన మడుగు. వయసు ప్రకారం అది మంచి నేల కావాలి, గుంటలో చూస్తే ముద్ద బంక, ఉప్పు. అందుకని వయసు గీతతో పాటు చేత్తో పిసికి చూడటం కూడా తప్పనిసరి చేశాం: తడిపి వేళ్ళ మధ్య నలిపితే తీగలా సాగుతుందా, విడిపోతుందా. ఈ రెండూ చూశాకే మ్యాపులో ఆ చోటికి ఏ రకం నేలో తెలిపే రంగు వేయాలి.

ప్రయత్నించినవి, పనిచేయనివి

మన వైపు నుంచి వెళ్ళిన ఎవరికైనా మొదట తట్టేది చౌడుని బాగు చేయడం: మడులు కట్టి మంచి నీళ్ళు నిలబెట్టి ఉప్పును కిందికి కడగడం, కారుచౌడు (సోడియం పట్టిన క్షార నేల) అయితే జిప్సం వేయడం, జీలుగ చల్లి కలియదున్నడం. బాపట్ల ఉప్పునీటి పరిశోధన కేంద్రంలో చేసిన పని చదువుకున్నవాళ్ళకి ఇదంతా కొట్టినపిండి. ఆ బ్లాకులో ఇందులో ఏదీ కుదరదు. కడగడానికి నీళ్ళు కావాలి, కడిగిన ఉప్పు పోవడానికి మురుగు కాలువ కావాలి, రెండూ లేవు. అము దర్యా నీళ్ళు పైన పొలాలకే చాలడం లేదు. ఎగువన అఫ్ఘానిస్తాన్‌లో 2022లో మొదలైన కోష్ తెపా కాలువ పూర్తయితే ఇంకా తగ్గుతాయి. ఇక జిప్సం సంగతి, ఆ అడుగు నేలలో జిప్సం పుట్టుకతోనే బోలెడుంది, మళ్ళీ తెచ్చి వేసి ప్రయోజనం లేదు. ఉప్పును ఇక్కడ కడగలేం, దాని నుంచి మొక్కను తప్పించాలి అన్నది మాకు అప్పుడే ఖాయమైంది.

మేం వెళ్ళేసరికే మధ్య పట్టీలో ఒక మూల గ్రేడరుతో ఉప్పు పొర చెక్కి పక్కకి తోసి ఉంది. ఉప్పు తీసేస్తే కింద మంచి మట్టి వస్తుందనే ఆలోచన. ఒక వేసవి గడిచేసరికి కింది నీటి నుంచి కొత్త ఉప్పు పైకి లాగబడి అంతకుముందు లాగే తయారైంది, చెక్కిన కుప్పలు మాత్రం గాలికి ఎగిరి ఊరి వైపు వెళ్ళాయి. దాన్ని ఇంకెక్కడా చేయొద్దని గట్టిగా రాసి ఇచ్చాం.

నర్సరీ నారు పెట్టి, ఒక్కో మొక్కకి బకెట్టు మంచినీళ్ళు పోయడం అందరికీ నచ్చిన ఉపాయం. మధ్య పట్టీలోనే ఒక చిన్న ముక్కలో చేసి చూశాం. ఏప్రిల్, మే నెలల్లో చక్కగా పచ్చగా ఉన్నాయి, ఆ ఫొటోలు రిపోర్టుల్లో అందంగా కనిపించాయి కూడా. జులైకి ఒక్కటీ మిగల్లేదు. చచ్చిన మొక్కల్ని పీకి చూస్తే వేర్లు అంత చెడ్డగా లేవు. నేలకి సరిగ్గా ఆనే చోట కాండం చుట్టూ తెల్లటి ఉప్పు ఉంగరంలా కట్టి, దాని కింద బెరడు నల్లబడి సన్నగా కుంచించుకుపోయింది. పోసిన నీళ్ళు చుట్టుపక్కల ఉప్పును కరిగించాయి, ఎండకి ఆ నీరు పైకి ఆవిరవుతూ ఆ ఉప్పునంతా తడి ఉన్న ఒకే ఒక్క చోటికి, అంటే మొక్క మొదట్లోకి, చేర్చింది. ఇంకో బకెట్టు పోస్తే ఇంకాస్త ఉప్పు చేరుతుంది. నీళ్ళ ట్యాంకరు డబ్బు ఆ రోజుతో ఆపేయమన్నాం.

పనిచేసినవి

గుల్లల ఇసుకలో పని సులువు. విమానం వద్దన్నాం, ఎందుకంటే సాక్సౌల్ విత్తనానికి రెక్కలుంటాయి, పైనుంచి చల్లితే గాలి దాన్ని పల్లాల్లోకి ఊడ్చి పోగుచేస్తుంది, ఆ పల్లాలే అన్నిటికంటే ఉప్పన. రెక్కలు తీసిన తాజా విత్తనాన్ని తడి ఇసుకతో కలిపి ట్రాక్టరు వెనక నుంచి వరసల్లో చల్లి, పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక మాత్రమే కప్పాం. అంతకంటే లోతుకి పోతే మొలక పైకి రాలేదు.

ఎప్పుడు చల్లాలి అన్న దగ్గర మాత్రం చాలా వాదన జరిగింది. పాత పద్ధతి ప్రకారం చలికాలంలో మంచు మీదే చల్లేస్తారు, మంచు కరిగే తడితో మొలుస్తుంది. కానీ ఈ మధ్య చలికాలం మధ్యలో ఉన్నట్టుండి వారం పది రోజులు వేడెక్కి, తర్వాత మళ్ళీ గట్టి మంచు పడుతోందని అక్కడివాళ్ళు చెబుతున్నారు. సాక్సౌల్ సున్నాకి కాస్త పైనే మొలకెత్తేస్తుంది. ఎడారిలో తడి ఉన్న నాలుగు రోజులూ వాడుకోవడానికి దానికి ఉన్న గుణమే అది, ఇలాంటి చలికాలంలో అదే దానికి ఎదురు తిరుగుతుంది. అందుకే విత్తనాన్ని రెండు భాగాలు చేసి సగం డిసెంబరులో, సగం ఫిబ్రవరి చివర్లో చల్లాం. ఆ ఏడాది మొదటి సగంలో చాలా భాగం తొందరపడి మొలిచి చలికి పోయింది, రెండో సగం నిలబడింది. ఇంకో ఏడాది ఫిబ్రవరిలో మంచే లేకపోతే దీనికి తిరగబడవచ్చు, కాబట్టి ఫిబ్రవరే మంచిదని నేను చెప్పడం లేదు. ఒకే తేదీ మీద మొత్తం విత్తనం పెట్టకూడదని చెబుతున్నాను.

మధ్య పట్టీకే మేం ఎక్కువ బుర్ర పెట్టాం. ఆలోచన ఇది: ఉబ్బు నేలలో మొక్క బతకదు, ఇసుకలో బతుకుతుంది, పక్కనే గుల్లల ఇసుక పట్టీ నుంచి గాలి రోజూ ఇసుక మోసుకొస్తోంది. అది ఆగడానికి ఇక్కడ చోటు లేక దాటిపోతోంది. చోటు చూపిస్తే చాలు. శరదృతువులో గాలికి అడ్డంగా, మోకాలి లోతుకి కాస్త తక్కువగా, వెడల్పాటి చాళ్ళు తీయించాం. చాలు తీసిన మట్టి గాలి వచ్చే వైపు కాకుండా అవతలి గట్టుగా పడేలా ట్రాక్టరు నడపాలి, లేకపోతే ఇసుక చాల్లో పడదు. కొన్ని చోట్ల చాళ్ళ పక్కన ఎండు కిక్కిస కట్టలు అడ్డుగా నిలబెట్టాం. మన కొల్లేట్లో పెరిగే కిక్కిస జాతే అది, అము డెల్టాలో కావలసినంత దొరుకుతుంది.

తర్వాత ఏమీ చేయకుండా ఊరుకున్నాం. అదే అన్నిటికంటే కష్టమైన భాగం. వసంతంలో నాట్లు పడాలి, లెక్క చూపాలి అని పైనుంచి ఒత్తిడి. మా వాదన ఒక్కటే: ఇప్పుడు నాటితే నాటేది బంకలో, ఏడాది ఆగితే నాటేది ఇసుక మేటలో. చివరికి ఒప్పుకున్నారు, కొన్ని చాళ్ళలో మాత్రం వెంటనే నాటి చూపించమన్నారు. వెంటనే నాటినవి బకెట్టు నీళ్ళ మొక్కల దారే పట్టాయి. ఆగిన చాళ్ళలో మరుసటి వసంతానికి జానెడు ఇసుక మేట వేసింది. కింద బంకలో ఉప్పు అలాగే ఉంది, కానీ దాని మీద వదులు ఇసుక ఉండటంతో కింది ఉప్పునీరు ఆ పొరను దాటి పైకి రాలేకపోయింది, పడ్డ మంచు నీరు మాత్రం ఆ ఇసుకలోనే నిలిచింది. ఆ మేటలో ఏడాది వయసు నారు పెట్టాం, నీళ్ళు పోయలేదు. వేసవి దాటాక చూస్తే చాళ్ళలోవి చాలావరకు నిలబడ్డాయి, చాళ్ళ మధ్య చదునులో పోలిక కోసం పెట్టినవి దాదాపు అన్నీ పోయాయి.

పెచ్చు నేలలో ఏమీ నాటలేదు. దాని అంచున కరబరక్ అనే ఉప్పు పొదా, సముద్రపు ఒడ్డున పెరిగే ఉప్పుకూరల కుటుంబంలోని ఏడాది మొక్కలూ వాటంతటవే వస్తున్నాయి, వాటి విత్తనం కొంచెం చల్లి వదిలేశాం. ముఖ్యంగా చేసిందల్లా బండ్ల దారి మార్చడం. ఆ పెచ్చు మీంచి ట్రక్కులు అడ్డదిడ్డంగా వెళ్ళేవి, ప్రతి టైరు గాడీ ఒక కొత్త ధూళి దారి. ఒకే దారికి రాళ్ళు పెట్టి గుర్తు వేశాం.

దీనివల్ల లెక్కల్లో గొడవ వచ్చింది. మొత్తం బ్లాకు "నాటిన విస్తీర్ణం" అని చూపించే చోట ఇప్పుడు సగం కూడా లేదు. పని అప్పగించిన అధికారి నిజాయితీ గల మనిషి, కానీ ఆయన పైన ఇంకొకరున్నారు. కాగితం మీద మూడు గడులు పెట్టించాం: విత్తినది, ఇసుక మేటకి సిద్ధం చేసింది, పెచ్చు చెదరకుండా కాపాడింది. మూడో గడికి కూడా విస్తీర్ణం రాసే వీలుండటంతో పెచ్చు నేలని కూడా దున్ని నాటాలన్న ఒత్తిడి తగ్గింది.

మేత సంగతి లేకుండా ఇది పూర్తి కాదు. లేత సాక్సౌల్‌ని ఒంటెలూ మేకలూ వదలవు, ఎదిగినదాన్ని మనుషులు వంటచెరకుకి కొడతారు, చలికాలం అంత గట్టిగా ఉండే చోట వాళ్ళని తప్పు పట్టడానికీ లేదు. కంచె వేయాలన్నారు. కంచె కట్టిన కలపే ముందు పొయ్యిలోకి పోతుందని పెద్దాయన చెప్పారు, నాకూ నిజమే అనిపించింది. దాని బదులు ఒంటెలు నీటి దగ్గరికి వెళ్ళే దారిని ఊరివాళ్ళతో కూర్చుని మార్చుకున్నాం, చాళ్ళకి మూడు వేసవులు దాటేదాకా అటు రాకూడదని మాట. కాపలాకి ఊరి మనిషినే పెట్టించాం, అతని జీతం ప్రాజెక్టు ముగిశాక కూడా ఆగకుండా అటవీ విభాగం పద్దులో వేయించడానికి మేం పడ్డ పాట్లు మట్టి పని కంటే తక్కువేం కాదు.

ఇంకొకరు ఇలాంటి పనికి దిగితే

నాటడానికి ముందు ఆ నేల మీంచి నీళ్ళు ఏ ఏడాది పోయాయో కనుక్కోండి. ఆ ఒక్క ప్రశ్న మా పని సగం తేల్చేసింది, దానికి ఖర్చు ఒక కంప్యూటరు, ఒక ముసలాయనతో ఓపిగ్గా మాట్లాడిన సాయంత్రాలు. మన కోస్తాలో వదిలేసిన రొయ్యల చెరువుల విషయంలో కూడా నేను ఇదే అడుగుతాను: ఎన్నేళ్ళు ఉప్పునీళ్ళు నిలిచాయి, ఎప్పుడు ఆపారు, అడుగున ఇసుకా బంకా. మన దగ్గర వాన ఉంది, కాలువ ఉంది, కాబట్టి కడిగే దారి మనకి తెరిచే ఉంది. కానీ అన్ని చెరువులనీ ఒకే పద్ధతిలో బాగు చేయాలనుకుంటే అక్కడ విమానంతో చల్లినట్టే అవుతుంది.

ఇంకొకటి, ఏప్రిల్ ఫొటోని నమ్మొద్దు. చౌడు నేలలో మొక్క బతికిందా లేదా అన్నది మొదటి ఆగస్టు దాటాక, వీలైతే రెండో ఆగస్టు దాటాక రాయాలి. నిధులిచ్చేవాళ్ళు వసంతంలో వచ్చి చూసి వెళ్ళిపోయే పద్ధతి ఉన్నంత కాలం బకెట్టు నీళ్ళ పద్ధతి గెలుస్తూనే ఉంటుంది, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, ఎందుకంటే ఆ ట్యాంకర్ల డబ్బుతో చాళ్ళు ఎన్నో రెట్లు తీయించవచ్చు.

ఈ బ్లాకులో పని ఇంకా అవలేదు. నల్ల సాక్సౌల్ తన పుల్లల్లో ఉప్పు దాచుకుంటుంది, అవి రాలి కుళ్ళితే ఆ ఉప్పు చెట్టు కింది పై పొరలోకే చేరుతుంది, వరసలు మరీ ఒత్తుగా ఉంటే కింది తేమ కూడా చాలదు. అందుకని ఒత్తుగా మొలిచిన చోట పలుచన చేయాలా, గాలికీ చలికీ కొన్ని వాటంతటవే పోతాయి కాబట్టి ఆగాలా అన్నది ఇప్పుడు మా ముందున్న ప్రశ్న. ఏటా శరదృతువులో చెట్టు మొదట్లో ఒకటి, రెండు వరసల మధ్య ఒకటి చొప్పున మట్టి తీసి ఈసీ (విద్యుత్ వాహకత, అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) విడివిడిగా చూస్తున్నాం, మూడు పట్టీల్లోనూ పైపులు దించి భూగర్భ జలం లోతు రాసుకుంటున్నాం. ఆ రెండు లెక్కలూ చేతికొచ్చేదాకా గొడ్డలి పట్టొద్దని కాపలా మనిషికి చెప్పి ఉంచాం.